పర్యవేక్షకుడు లేని పరీక్ష

ఉద్యోగుల ఎంపికకు రాత పరీక్ష అనగానే మన తరం వారి కళ్ళ ముందు కదిలే దృశ్యం ఒక్కటే. వరుసలు తీర్చిన బల్లలు, బల్లకు అంటించిన హాల్ టికెట్ నంబరు, గంట మోగగానే పంచబడే ప్రశ్నపత్రాలు, వరుసల మధ్య చేతులు వెనక్కు కట్టుకుని నెమ్మదిగా తిరిగే పర్యవేక్షకుడు. ఈ దృశ్యం నుండి మొదట కాగితం తప్పుకున్నది. మన ఇంజనీరింగ్ పట్టభద్రులకు సుపరిచితమైన గేట్ పరీక్ష 2014 నుండి అన్ని విభాగాలలోను కంప్యూటరు మీదనే జరుగుతున్నది. ఆ తరువాత బల్ల పోయి, గది పోయి, కొన్ని చోట్ల పర్యవేక్షకుడు కూడ తప్పుకున్నాడు. అభ్యర్థికి ఈ-మెయిల్ ద్వారా ఒక లింకు, ఒక పాస్‌వర్డు అందుతాయి. ఫలానా తేదీ లోపల తనకు వీలైన వేళ, వీలైన చోట కూర్చుని పరీక్ష ముగించవచ్చును. చూసేవారు ఎవరూ ఉండరు.

విదేశాలలో పెద్ద సంస్థలు ఈ శతాబ్దపు తొలి సంవత్సరాల నుండే ఈ పద్ధతిని విరివిగా వాడుతున్నాయి. మన దేశంలో 2020లో కోవిడ్ కారణంగా కళాశాలలు మూతపడినపుడు సాఫ్ట్‌వేర్ సంస్థలు తమ క్యాంపస్ ఎంపికలను విద్యార్థుల ఇళ్ళకే తరలించాయి. ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న మన క్వార్టర్లలో ఇది కొత్త సంగతి కాదు. ప్రైవేటు వారు చేయగలిగినది ప్రభుత్వ రంగ సంస్థలు ఎందుకు చేయరాదు, వేల మందిని నగరాలకు రప్పించి అద్దె కేంద్రాలలో కూర్చోబెట్టడం ఎందుకు అన్న ప్రశ్న క్యాంటీన్ బల్లల దగ్గర తరచు వినబడుతుంటుంది. మేము ఇంజనీర్లము. మానవ వనరుల శాఖ వారి శాస్త్రం మా సొంతం కాదు. ఐతే పరీక్షించడం, కొలవడం, ఆపై అంగీకరించడమో తిరస్కరించడమో తేల్చడం మా వృత్తిలో నిత్యకృత్యాలు. ఆ కోణం నుండి ఈ విషయాన్ని పరిశీలించడం పాఠకులకు ఉపయోగపడగలదని మా విశ్వాసం.

దూరం అనే అడ్డుగోడ

ముందుగా ఈ పద్ధతికి న్యాయంగా దక్కవలసిన మన్నన దక్కాలి. పరీక్ష ఎక్కడ జరుగుతుందన్నది చిన్న విషయం కాదని మన దేశ చరిత్రే చెబుతున్నది. ఇండియన్ సివిల్ సర్వీసుకు పోటీ పరీక్ష 1855లో లండనులో మొదలైంది. మన దేశంలో కూడ ఆ పరీక్ష రాసే అవకాశం 1922లో గాని, అదీ అలహాబాదులో గాని, లభించలేదు. నడుమ గడచినవి 67 సంవత్సరాలు. ఆ కాలమంతా భారతీయ యువకుడు సముద్రం దాటి, పరదేశంలో నెలల తరబడి ఉండి పరీక్ష రాయవలసి వచ్చింది. 1863లో సత్యేంద్రనాథ్ ఠాగూరు తొలి భారతీయునిగా అందులో నెగ్గగలిగారంటే ఆ ప్రయాణానికి, ఆ నివాసానికి తగిన కుటుంబం వెనుక ఉండడం కూడ ఒక కారణమే. గరిష్ఠ వయస్సును 19 ఏళ్ళకు కుదించినపుడు సురేంద్రనాథ్ బెనర్జీ 1877లో దేశమంతట తిరిగి నిరసన కూడగట్టారు. పరీక్షను భారతదేశంలో కూడ జరపాలన్నది ఆనాటి కోరికలలో ముఖ్యమైనది. ప్రశ్నపత్రం అందరికీ ఒక్కటే ఐనా దానిని చేరే దారి ఒక్కటి కాదని ఆనాటి వారు స్పష్టంగా గ్రహించారు.

నేటి దూరాలు అంతటివి కావు, కాని ఉన్నవి. శ్రీకాకుళం జిల్లా మన్యంలోని గ్రామం నుండో, ఆదిలాబాదు అడవి అంచు నుండో ఒక అమ్మాయి నగరానికి వచ్చి ఉదయం 9 గంటల బ్యాచిలో పరీక్ష రాయాలంటే ముందురోజే బయలుదేరాలి. వెంట తండ్రో అన్నో రావాలి. ఆయన కూలి రెండు రోజులు పోతుంది. బస్సు ఛార్జీలు, లాడ్జి అద్దె, భోజనాలు అదనం. నిండు గర్భిణికి, చక్రాల కుర్చీ మీద ఆధారపడిన వారికి ఈ ప్రయాణమే ఒక పరీక్ష. ఇంటి వద్ద పరీక్ష ఈ భారాన్ని ఒక్కసారిగా దింపివేయగలదు. సంస్థకు మిగిలే ఖర్చు కంటె ఈ మేలు పెద్దదని మేము భావిస్తున్నాము.

చూసేవారు లేనపుడు

ఐతే ఎదుట ఎవరూ లేనపుడు పరీక్ష రాస్తున్నది ఎవరు? రాస్తున్న వ్యక్తి సరైనవాడే ఐనా పక్కన కూర్చున్నది ఎవరు? ఈ రెండు ప్రశ్నలకు పాస్‌వర్డు సమాధానం చెప్పలేదు.

ప్రశ్నలు బయటకు పొక్కకుండా చూడడానికి నిపుణులు మంచి ఉపాయాలే కనుగొన్నారు. వేలాది ప్రశ్నల నిధిని తయారు చేసి, ఒక్కొక్క ప్రశ్న కఠినత్వాన్ని ముందుగా కొలిచి, ప్రతి అభ్యర్థికి వేరు వేరు ప్రశ్నలతో సమాన బరువు గల పత్రాన్ని కంప్యూటరు చేతనే కూర్పించడం అందులో ఒకటి. డెన్మార్కు గణితజ్ఞుడు గియోర్గ్ రాష్ 1960లో ప్రచురించిన సిద్ధాంతం ఈ కొలతకు ఒక పునాది. దీనివల్ల నిన్న రాసినవాడు ఈరోజు రాసేవాడికి జవాబులు చెప్పే అవకాశం తగ్గుతుంది. ఒకరి బదులు మరొకరు కూర్చోవడాన్ని మాత్రం ఇది ఆపలేదు.

2022 నవంబరు వరకు ఇంట్లో మోసం చేయదలచిన అభ్యర్థికి కనీసం తెలివైన స్నేహితుడు ఒకడు కావలసి వచ్చేది. ఆ నెలలో చాట్‌జీపీటీ ప్రజలకు అందుబాటులోకి వచ్చిన తరువాత ఆ అవసరమూ పెద్దగా మిగలలేదు. ఇప్పటి కృత్రిమ మేధ పరికరాలకు తెర మీది ప్రశ్నను సెల్ ఫోనుతో ఫోటో తీసి పంపితే క్షణాలలో జవాబు వస్తుంది. చిట్టీలు రాసుకునే శ్రమ కూడ లేదు.

ఈ చిక్కును పరీక్షా శాస్త్రజ్ఞులు ముందే ఊహించారు. ఇంటర్నేషనల్ టెస్ట్ కమిషన్ అనే అంతర్జాతీయ సంస్థ 2005లో కంప్యూటరు, ఇంటర్నెట్ పరీక్షలకు మార్గదర్శకాలు రూపొందిస్తూ పర్యవేక్షణను నాలుగు మెట్లుగా విభజించింది. ఎవరైనా ఎక్కడినుండైనా రాయగలిగినది మొదటి మెట్టు. పాస్‌వర్డు ఉన్నవారే రాయగలిగినా చూసేవారు లేనిది రెండవది. ఎదుట ఒక మనిషి ఉండి గుర్తింపు సరిచూసేది మూడవది. ప్రత్యేక కేంద్రంలో యంత్రాలతో సహా అన్నీ అదుపులో ఉండేది నాల్గవది. ఉద్యోగ ఎంపిక వంటి సందర్భాలలో రెండవ మెట్టు మీద పరీక్ష పెట్టినట్లైతే, అందులో నెగ్గినవారి చేత పర్యవేక్షణలో మరొక పరీక్ష రాయించి మార్కులను ధ్రువపరచుకోవాలని ఆ మార్గదర్శకాలు విస్పష్టంగా చెబుతున్నాయి. లింకు పంపడం వరకు అందరూ నేర్చుకున్నారు గాని ఈ రెండవ భాగాన్ని తీరికగా మరచిపోయిన సంస్థలు తక్కువేమీ కావు.

ముప్పై మంది లెక్క

మోసం చేసేవారు ఎంతమంది ఉంటారు, నూటికి ఇద్దరో ముగ్గురో, ఆ మాత్రానికి ఇంత ఆర్భాటమా అని కొందరు మిత్రులు అంటుంటారు. ఈ వాదనను కాగితం మీద పెట్టి చూద్దాము. ఇది కేవలం ఊహాత్మకమైన లెక్క అని పాఠకులు గమనించగలరు.

వెయ్యి మంది అభ్యర్థులు, 50 ఉద్యోగాలు అనుకుందాము. అందరూ ఇంటి నుండే పరీక్ష రాశారు. నూటికి ముగ్గురు చొప్పున 30 మంది ఇతరుల సాయంతో రాశారు. సాయం గట్టిదే గనుక ఆ 30 మందికీ పైవరుస మార్కులు వచ్చాయి. ఈ మార్కుల మీదనే 50 మందిని తీసుకుంటే ఏమౌతుంది? 50 ఉద్యోగాలలో 30 వారికే పోతాయి. మోసగాళ్ళు వెయ్యిలో నూటికి ముగ్గురే, కాని ఎంపికైన వారిలో నూటికి అరవై మంది. ఆ 30 మంది నిజాయితీగా రాసి ఉంటే వారిలో ఒకరికో ఇద్దరికో మాత్రమే స్థానం దక్కేది. అనగా న్యాయంగా ఉద్యోగం రావలసిన సుమారు 28 మంది ఇంటి వద్దనే ఉండిపోయారు. తమకు అన్యాయం జరిగిందని కూడ వారికి ఎన్నటికీ తెలియదు.

ఇప్పుడు అదే పరీక్షను వేరొక పనికి వాడి చూద్దాము. వెయ్యి మందిలో కింది సగాన్ని మాత్రం తప్పించి, 500 మందిని కేంద్రంలో జరిగే రెండవ పరీక్షకు పిలిచామనుకుందాము. ఆ 30 మంది ఈ 500లో ఉంటారు, నిజమే. వారిలో సగం మంది ఎలాగూ సొంతంగానే పై సగంలోకి వచ్చేవారు. కావున అన్యాయంగా వెనుకబడినవారు 15 మంది. వారు కూడ 500వ స్థానం దగ్గర ఉన్నవారు. చివరి 50 లోకి రాగల అవకాశం వారికి అంతంత మాత్రమే. రెండవ పరీక్షలో ఎదుట పర్యవేక్షకుడు ఉంటాడు గనుక ఆ 30 మందికి వారి వారి సొంత మార్కులే వస్తాయి. మోసం వల్ల వారికి దక్కినది నగరానికి ఒక ప్రయాణం మాత్రమే.

పరీక్ష అదే, మోసగాళ్ళ సంఖ్య అదే. ఒక చోట ఎంపిక కుప్పకూలింది, మరొక చోట పెద్దగా కదలలేదు. ఇంటి పరీక్ష మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు అర్థం లేదని, దానితో కింది వారిని తప్పిస్తున్నామా లేక పైవారిని ఏరుకుంటున్నామా అన్నదే అసలు ప్రశ్న అని మేము అనడానికి ఈ లెక్కే ఆధారం.

స్టోర్స్ లో మనం చేసేదే

ఈ సూత్రం మన కర్మాగారాలకు కొత్తది కాదు. సరఫరాదారుడు సరుకుతో పాటు తన సొంత టెస్ట్ సర్టిఫికెట్ పంపుతాడు. కాటన్ వేస్ట్ కు, సాధారణ బోల్టులకు ఆ కాగితం చూసి సరిపెట్టుకుంటాము. బాయిలర్ ట్యూబులకు అలా చేయము. మన ఇన్‌స్పెక్టరు వారి వర్క్‌షాపుకు వెళ్ళి తన ఎదుట పరీక్ష చేయిస్తాడు. బిగింపు పూర్తయిన తరువాత పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్ల ఒత్తిడితో నీటి పరీక్ష జరిపితే గాని బాయిలరు మండించము. ఇందులో సరఫరాదారుని నిజాయితీని శంకించినట్లు ఎవరూ భావించరు. ఇంటి నుండి రాసిన పరీక్ష అభ్యర్థి తానే పంపుకున్న టెస్ట్ సర్టిఫికెట్ వంటిది. దానికి విలువ ఉన్నది. అదే తుది విలువ కాదు.

రెండవ పరీక్షను చాల చిన్నదిగా చేసే ఒక గణితమార్గం ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఆయుధ సామగ్రి తనిఖీ కోసం అబ్రహాం వాల్డ్ అనే శాస్త్రవేత్త 1943లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో దానిని రూపొందించారు. ఎన్ని నమూనాలు చూడాలో ముందే నిర్ణయించుకోక, ఒక్కొక్క నమూనా చూస్తూ, సాక్ష్యం ఏదో ఒక వైపు చాలినంత మొగ్గగానే ఆపివేయడం అందులోని కీలకం. అభ్యర్థి మొదటి మార్కులను ఒక వాదనగా తీసుకుని, పర్యవేక్షణలో ఒక్కొక్క ప్రశ్న అడుగుతూ పోతే ఆ వాదన నిలుస్తుందో లేదో కొద్ది ప్రశ్నలలోనే తేలిపోతుంది. భారత ప్రభుత్వ ఆహ్వానంపై ఉపన్యాసాలకు వచ్చిన వాల్డ్ 1950 డిసెంబరులో నీలగిరి కొండలలో జరిగిన విమాన ప్రమాదంలో సతీసమేతంగా మరణించారన్నది మన గణాంక శాస్త్రజ్ఞులు నేటికీ విచారంతో తలచుకునే విషయం.

ఐనప్పటికీ ప్రభుత్వ రంగ సంస్థకు ఈ క్లుప్త పరీక్ష కంటె పూర్తి స్థాయి రెండవ పరీక్షే శ్రేయస్కరమని మా అభిప్రాయం. అందుకు కారణం వివరించవలసి ఉన్నది.

తగ్గిన మార్కులు దొంగతనం కావు

ఇంట్లో 70 వచ్చిన అభ్యర్థికి కేంద్రంలో 60 వచ్చిందనుకుందాము. వెంటనే చూపుడు వేలు అతని వైపు లేస్తుంది. వర్నియర్ కాలిపర్స్ తో ఒకే షాఫ్టును రెండుమార్లు కొలిచినా రీడింగులో తేడా వస్తుందని ఎరిగిన మనం అంత తొందరపడరాదు. పరీక్షకు కూడ కొలత దోషం ఉన్నది. సగటు 50, ప్రామాణిక విచలనం 10, విశ్వసనీయత 0.84 గల పరీక్షను తీసుకుంటే మొదటిసారి 70 తెచ్చుకున్న నిజాయితీపరునికి రెండవసారి రాగల మార్కుల అంచనా 67. మొదటిసారి బాగా పైకి వచ్చినవారిలో అదృష్టం కలిసివచ్చినవారు కొంత ఎక్కువగా ఉంటారు గనుక ఈ దిగుదల సహజం. ఆ 67 చుట్టూ కూడ అటూ ఇటూ 11 మార్కుల వరకు ఊగిసలాట ఉండవచ్చును. కావున 56 వచ్చినా ఆ మనిషి మోసం చేశాడని తేల్చడానికి వీలు లేదు. జ్వరమో, రాత్రి బస్సు ప్రయాణమో, పక్కవాడి కీబోర్డు చప్పుడో కారణం కావచ్చును.

క్లుప్త పరీక్షలో మొదటి మార్కులు నిలవకపోతే ఆ అభ్యర్థి గురించి ఏదో ఒక మాట అనక తప్పదు. పూర్తి పరీక్ష పెట్టి, మెరిట్ జాబితాను దాని మీదనే తయారు చేస్తే ఎవరినీ ఏమీ అనవలసిన అవసరం రాదు. మొదటి పరీక్ష ద్వారం మాత్రమే. లోపలికి వచ్చిన తరువాత దాని మార్కులు చెల్లవని ప్రకటనలోనే ముద్రించవచ్చును. పైగా మనది రాజ్యాంగం 12వ అధికరణం దృష్టిలో రాజ్యంలో భాగమైన సంస్థ. 16వ అధికరణం హామీ ఇచ్చిన అవకాశ సమానత్వానికి మనం బద్ధులం. కోర్టులో నిలబడి ఫలానా అభ్యర్థిని ఏ ఆధారంతో తిరస్కరించారంటే కంప్యూటరుకు అనుమానం వచ్చిందని చెప్పడం కుదరదు. కింది స్థాయి పోస్టులకు 2016 జనవరి 1 నుండి ఇంటర్వ్యూలు తొలగించబడినందున అక్కడ రాత పరీక్షే సర్వస్వమైనది. ఎదుట కూర్చోబెట్టి రెండు మాటలు అడిగి తెలుసుకునే అవకాశం కూడ లేని చోట చూసేవారు లేని మార్కులతో ఉద్యోగం ఇవ్వడం ఎంతటి సాహసమో వేరుగా చెప్పనవసరం లేదు.

కెమెరా కన్ను

పర్యవేక్షకుని స్థానంలో కెమెరాను కూర్చోబెడితే సరిపోదా అనవచ్చును. అభ్యర్థి కంప్యూటరులోని కెమెరా ముఖాన్ని, కళ్ళ కదలికను, గదిలో చప్పుళ్ళను పట్టి చూసే ఏర్పాట్లు బజారులో ఉన్నవి. మా కాలనీలో ఒక సహోద్యోగి కుమార్తె ఇటువంటి పరీక్ష రాస్తుండగా వాళ్ళ నాయనమ్మ మనుమరాలికి దాహమౌతుందేమోనని గ్లాసుతో మజ్జిగ తెచ్చి బల్ల మీద పెట్టింది. తెర మీద రెండవ వ్యక్తి కనబడినట్లు హెచ్చరిక వచ్చి పరీక్ష అక్కడితో ఆగిపోయింది. ఆ పిల్ల రాసిన రెండు ఉత్తరాలకు జవాబు రాలేదు. ఆ పెద్దావిడ నెల రోజులు నొచ్చుకుంటూనే ఉన్నది.

రెండు గదుల క్వార్టరులో ఐదుగురు ఉండే ఇల్లు కెమెరాకు ఎప్పుడూ అనుమానాస్పదమే. సొంత గది ఉన్న పిల్లవాడు ఈ పరీక్షలో ఒక మెట్టు పైన మొదలవుతాడు. జాతీయ నమూనా సర్వే 2017-18 లెక్కల ప్రకారం గ్రామీణ కుటుంబాలలో కంప్యూటరు ఉన్నవి నూటికి 4.4 మాత్రమే, పట్టణాలలో 23.4. ఆ తరువాత సెల్ ఫోన్లు ఎంతగానో వ్యాపించాయి. కాని అంకెల పట్టిక గల ప్రశ్నను అరచేతి తెర మీద జరుపుకుంటూ చదవడం, పెద్ద తెర మీద ఒక్క చూపులో చదవడం ఒకటి కావు. దూరం అనే గోడను కూల్చబోయి ఇంటి వైశాల్యం అనే గోడను కట్టుకోరాదు కదా. కెమెరాతో ఇంటిని చూపించమనడం ఎంతవరకు సబబన్న ప్రశ్న కూడ ఉన్నది. అమెరికాలోని ఓహియో రాష్ట్రంలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం పరీక్షకు ముందు విద్యార్థి పడక గదిని కెమెరాతో చూపించమనడం అక్కడి రాజ్యాంగానికి విరుద్ధమైన సోదా అని 2022లో ఫెడరల్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. మన సుప్రీం కోర్టు 2017లోనే వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించియున్నది.

కేంద్రంలో జరిగిన పరీక్షలన్నీ కడిగిన ముత్యాలని మేము అనడం లేదు. 2013లో మధ్యప్రదేశ్ లో బయటపడిన వ్యాపం కుంభకోణంలో ఒకరికి బదులు మరొకరు కూర్చున్నది పర్యవేక్షకుల ఎదుటనే. ప్రశ్నపత్రాల లీకేజీని, డమ్మీ అభ్యర్థులను అరికట్టేందుకు కేంద్ర ప్రభుత్వం 2024లో ప్రత్యేక చట్టమే తేవలసి వచ్చింది. వ్యవస్థీకృతంగా చేసే నేరానికి అందులో 5 నుండి 10 సంవత్సరాల జైలు, కనీసం కోటి రూపాయల జరిమానా ఉన్నాయి. ఐతే కేంద్రంలో జరిగిన మోసానికి సాక్షులు, సంతకాలు, వేలిముద్రలు ఉంటాయి. ఎన్నేళ్ళకైనా విచారణ జరపవచ్చును. ఇంట్లో జరిగినదానికి నాలుగు గోడలే సాక్షి.

దూరం, మోసం అనే ఈ రెండు కష్టాల నడుమ ఒక మార్గం మన చేతిలోనే ఉన్నదని మాకు తోస్తున్నది. దేశమంతట ప్రభుత్వ రంగ సంస్థల టౌన్‌షిప్‌లు ఉన్నాయి. వాటిలో చాల వరకు మారుమూల ప్రాంతాలలోనే ఉన్నాయి. గనులు, ఆనకట్టలు, విద్యుత్ కేంద్రాలు నగరాల నడిబొడ్డున ఉండవు కదా. ఆ టౌన్‌షిప్‌ల శిక్షణ కేంద్రాలలోని కంప్యూటర్లు ఆదివారాలు ఖాళీగానే ఉంటాయి. రెండవ పరీక్షను నాలుగైదు నగరాలకు పరిమితం చేయక ఈ కేంద్రాలలో జరిపితే ఆ మన్యం అమ్మాయి ఉదయం బస్సెక్కి సాయంత్రానికి ఇంటికి చేరగలదు. ఒక్కొక్క కేంద్రానికి కావలసినది 30 కంప్యూటర్లు, కరెంటు పోతే ఆదుకునే జనరేటరు, వేలిముద్ర యంత్రం, ఆ ప్రాంతపు అభ్యర్థులతో బంధుత్వం లేని ఇద్దరు పర్యవేక్షకులు. ఈ పనికి పదవీ విరమణ చేసిన మన సహోద్యోగులను వేరే ప్రాంతం నుండి పిలిపించినట్లైతే చాల మంది సంతోషంగా వస్తారు. ముందుగా ఒక్క టౌన్‌షిప్ లో, అప్రెంటిస్ ల ఎంపికకు, ఒక్క ఆదివారం దీనిని నడిపి చూడవచ్చును.